శాస్త్ర పత్రికల్లో ఆధారాల సూచన: ఒక పద్ధతి రూపొందిన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:
• శాస్త్ర పత్రికల్లో ఆధారాలను చూపే పద్ధతి ఎలా పుట్టి పెరిగిందో వివరించగలరు.
• పేరు–సంవత్సర పద్ధతికీ, సంఖ్యా పద్ధతికీ ఉన్న తేడాను, ఆ తేడా వెనక ఉన్న కారణాలను చెప్పగలరు.
• ఆధార వివరాల్లో ఏకరూపత లోపిస్తే కలిగే నష్టాలను ఉదాహరణలతో చూపగలరు.
• మీ ప్రాజెక్టు నివేదికలో ఒకే పద్ధతిని మొదటినుంచి చివరిదాకా పాటించగలరు.

1. ఉపోద్ఘాతం

వ్యాసం చివర ఇచ్చే ఆధారాల పట్టికను చాలామంది విద్యార్థులు ఆఖరి రోజున హడావిడిగా పూర్తి చేస్తారు. కామా ఎక్కడ పెట్టాలి, సంవత్సరం ముందు రాయాలా చివర రాయాలా, పత్రిక పేరు పూర్తిగా రాయాలా కుదించాలా అనేవి వారికి పనికిరాని చాదస్తంగా కనిపిస్తాయి. ఆ నియమాల వెనక మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. వాటిలో దాదాపు ప్రతి ఒక్కటీ ఒకానొక కాలంలో ఎదురైన నిజమైన ఇబ్బందికి పరిష్కారంగా వచ్చింది. ఆ ఇబ్బంది ఏమిటో తెలిస్తే నియమం దానంతటదే గుర్తుంటుంది.

ముందుగా మూడు మాటలను స్పష్టం చేసుకుందాం. రచన మధ్యలో ‘ఈ విషయం ఫలానా వారు చెప్పారు’ అని చూపే గుర్తును ఈ పాఠంలో ‘ఉల్లేఖనం’ అంటున్నాం. ఆ మూలాన్ని వెతికి పట్టుకోవడానికి కావలసిన పూర్తి సమాచారాన్ని, అంటే రచయిత, సంవత్సరం, వ్యాసం పేరు, పత్రిక పేరు, సంపుటి, పుటలను కలిపి ‘ఆధార వివరం’ అంటున్నాం. అలాంటి వివరాలన్నిటినీ ఒకచోట చేర్చిన పట్టిక ‘ఆధార సూచి’.

2. పత్రికల పుట్టుక: పేరు చెబితే చాలిన కాలం

పారిస్‌లో ‘జూర్నల్ దె సావాన్’ 1665 జనవరి 5న వెలువడింది. అదే ఏడాది మార్చి 6న లండన్‌లో రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ను ప్రారంభించారు. శాస్త్ర పత్రికల చరిత్ర ఈ రెండింటితో మొదలవుతుంది. అంతకుముందు పండితులు తమ ఫలితాలను ఉత్తరాల్లో ఒకరికొకరు తెలుపుకొనేవారు, లేదా పెద్ద గ్రంథాల్లో ప్రకటించేవారు.

ఆ తొలి పత్రికల్లో ఆధారాలు చూపడానికి ఒక పద్ధతంటూ లేదు. ఫలానా పండితుడు తన గ్రంథంలో ఇలా అన్నాడని రచన మధ్యలోనే ప్రస్తావించేవారు. కొన్నిసార్లు అంచులోనో పుట అడుగునో చిన్న గమనిక ఉండేది. సంపుటి, పుట సంఖ్యలు కొందరు ఇచ్చేవారు, కొందరు ఇచ్చేవారు కారు. చదివేవారు కొద్దిమంది, పుస్తకాలూ తక్కువే కాబట్టి పేరు చెబితే చాలు, ఏ గ్రంథమో పాఠకుడికి తెలిసిపోయేది.

3. 19వ శతాబ్దం: పత్రికల వెల్లువ

19వ శతాబ్దంలో ఈ పరిస్థితి మారింది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు విడివిడి శాఖలుగా స్థిరపడ్డాయి. ప్రతి శాఖకూ, ప్రతి దేశానికీ సొంత పత్రికలు వచ్చాయి. ఒకే రచయిత ఒకే ఏడాది మూడు నాలుగు పత్రికల్లో రాయడం మామూలైంది. ఇప్పుడు పేరు ఒక్కటే చెబితే మూలం దొరకదు.

1855లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశం ముందుకు అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ ప్రతిపాదన ఒకటి వచ్చింది. శాస్త్ర వ్యాసాలన్నిటికీ ఒక సూచి తయారుచేయాలన్నది దాని సారాంశం. ఆ ఆలోచన ఫలితంగా రాయల్ సొసైటీ ‘కేటలాగ్ ఆఫ్ సైంటిఫిక్ పేపర్స్’ను రూపొందించింది. 1800 నుంచి 1863 వరకు వచ్చిన వ్యాసాలను నమోదు చేసిన మొదటి ఆరు సంపుటాలు 1867–72 మధ్య వెలువడ్డాయి. 19వ శతాబ్దం మొత్తానికీ సంబంధించిన పని 1925 నాటికి గాని పూర్తికాలేదు.

ఈ కేటలాగు చరిత్రలో గమనించవలసింది ఒకటుంది. వేల వ్యాసాలను ఒకే వరసలో అమర్చాలంటే ప్రతి వ్యాసానికీ అవే వివరాలు, అదే క్రమంలో ఉండాలి. అంటే ఏకరూపత అవసరం మొదట బలంగా తెలిసింది రచయితలకు కాదు, సూచి తయారుచేసేవారికీ గ్రంథాలయాల వారికీ. ఈ సంగతిని గుర్తుంచుకోండి. తరవాతి చరిత్రలో ఇది మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

4. పేరు–సంవత్సర పద్ధతి: నత్తగుల్ల లేని నత్త మీద ఒక వ్యాసం

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో ఒక దీర్ఘ పరిశోధన వ్యాసం ప్రకటించారు. తోటల్లో పాకే, పైన గుల్ల లేని ఒక జాతి నత్తలో అండం పక్వం కావడం, ఫలదీకరణ చెందడం, విభజన చెందడం దాని విషయం. హార్వర్డ్ తులనాత్మక జంతుశాస్త్ర మ్యూజియం బులెటిన్‌లో అది నాలుగు వందలకు పైగా పుటలు ఆక్రమించింది. ఆ వ్యాసంలో మార్క్ రచయిత పేరు పక్కన కుండలీకరణాల్లో ప్రచురణ సంవత్సరాన్ని రాసి, పూర్తి వివరాలను చివరి సూచిలో ఇచ్చారు. ఈ ఏర్పాటు ఏమిటో పాఠకులకు ఒక పాదసూచికలో వివరించారు. పేరు–సంవత్సర ఉల్లేఖనానికి మనకు తెలిసిన తొలి ఉదాహరణగా చరిత్రకారులు దీన్నే చూపుతారు. ‘హార్వర్డ్ పద్ధతి’ అన్న పేరు ఇలా వచ్చిందే. అయితే అది హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధికారికంగా జారీచేసిన నియమావళి కాదు. అందుకే ఆ పేరుతో నేడు చలామణిలో ఉన్న రూపాలు చిన్నచిన్న విషయాల్లో ఒకదానితో ఒకటి విభేదిస్తాయి.

ఈ పద్ధతి ప్రకృతి శాస్త్రాల్లో త్వరగా నాటుకోవడానికి రెండు కారణాలు చెప్పవచ్చు. మొదటిది, శాస్త్రంలో ఒక విషయాన్ని ఎవరు ముందు కనుగొన్నారన్నది ముఖ్యం. రచన మధ్యలోనే సంవత్సరం కనిపిస్తే ఆ వరస పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. రెండోది అచ్చుకు సంబంధించినది. రచయిత చివరి నిమిషంలో కొత్త ఆధారం ఒకటి చేర్చినా మిగతా ఉల్లేఖనాలను తిరగరాయనక్కరలేదు.

చరిత్రకారులు మాత్రం పాదసూచికలను వదులుకోలేదు. వారి ఆధారాలు శాసనాలు, ఉత్తరాలు, ప్రభుత్వ దస్త్రాలు. వాటిని ‘పేరు, సంవత్సరం’ అనే చిన్న మూసలో ఇమడ్చడం కష్టం. 1906లో తొలిసారి వెలువడిన షికాగో మాన్యువల్ ఈనాటికీ పాదసూచిక పద్ధతికీ చోటిస్తున్నది. కాబట్టి వేర్వేరు పద్ధతులు ఉండడం కేవలం పట్టుదలల వల్ల కాదు. ఒక్కో శాస్త్రం తన ఆధారాల స్వభావాన్ని బట్టి ఒక్కో పద్ధతిని ఎంచుకున్నది.

5. సంపాదకుల సమావేశాలు

20వ శతాబ్దంలో పత్రికా సంపాదకులు నియమాలను రాతపూర్వకంగా స్థిరపరచడం మొదలుపెట్టారు. అమెరికాలో మనస్తత్వశాస్త్ర, మానవశాస్త్ర పత్రికల సంపాదకులు 1928లో సమావేశమయ్యారు. వారి సూచనలు మరుసటి ఏడాది ‘సైకలాజికల్ బులెటిన్’లో ఏడు పుటల్లో అచ్చయ్యాయి. నేడు పెద్ద పుస్తకంగా ఉన్న ఏపీఏ మాన్యువల్‌కు మూలం ఆ ఏడు పుటలే. దాని ఏడవ కూర్పు 2019లో వచ్చింది.

వైద్యరంగంలో సమస్య మరో రూపంలో ఎదురైంది. ఒక పత్రిక తిరస్కరించిన వ్యాసాన్ని మరో పత్రికకు పంపాలంటే ఆధార సూచి మొత్తం కొత్తగా టైపు చేయవలసి వచ్చేది. కంప్యూటరు లేని రోజుల్లో వందకు పైగా ఆధారాలున్న వ్యాసానికి అది ఎంత శ్రమో ఊహించండి. 1978 జనవరిలో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకోవర్ నగరంలో కలుసుకున్నారు. తమ పత్రికలన్నీ ఒకే రూపంలో ఉన్న రాతప్రతులను స్వీకరించాలని అంగీకరించారు. ఆ నియమాలు 1979లో వెలువడ్డాయి. ఆధార వివరాల రూపాన్ని అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తయారుచేసింది. రచనలో మొదట వచ్చిన ఆధారానికి 1, తరవాతిదానికి 2 అని వరుస సంఖ్యలు వేసి, సూచిలోనూ అదే క్రమం పాటించే ఈ విధానమే ‘వాంకోవర్ పద్ధతి’. ఒకే వాక్యానికి పది ఆధారాలు చూపవలసిన వైద్య వ్యాసాల్లో ఇది స్థలాన్ని బాగా ఆదా చేస్తుంది.

మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ కూడా గ్రంథ వివరాలకు ఐఎస్ 2381 అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఆ సంస్థ డాక్యుమెంటేషన్ సంఘానికి గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ అధ్యక్షత వహించారు.

6. ఉల్లేఖనాలను లెక్కపెట్టడం మొదలైంది

1927లో గ్రాస్ అనే ఇంటిపేరు గల ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. చిన్న కళాశాల గ్రంథాలయం పరిమితమైన డబ్బుతో ఏ రసాయనశాస్త్ర పత్రికలు కొనాలన్నది వారి ప్రశ్న. జవాబు కోసం వారు అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటిలోని 3,633 ఉల్లేఖనాలను లెక్కించారు. ఎక్కువసార్లు ఉదహరించిన పత్రికలనే ముందు కొనాలని సూచించారు. ఉల్లేఖనం ఇప్పుడు కేవలం మర్యాద కాదు, కొలమానం కూడా అయింది.

ఈ దారిలో పెద్ద అడుగు వేసినవారు యూజీన్ గార్ఫీల్డ్. అమెరికా న్యాయవాదులు 1873 నుంచి ‘షెపర్డ్స్ సైటేషన్స్’ అనే సూచిని వాడుతున్నారు. ఒక తీర్పును ఆ తరవాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో అది చూపుతుంది. అలాంటిదే శాస్త్రాలకూ కావాలని గార్ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించారు. 1964 నుంచి ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ క్రమంగా వెలువడడం మొదలైంది. ఒక వ్యాసం ఎన్నిసార్లు ఉదహరణకు వచ్చిందో ఇప్పుడు ఎవరైనా చూడగలరు. ఉద్యోగాలు, పదోన్నతులు, నిధుల మంజూరు క్రమంగా ఈ లెక్కలతో ముడిపడ్డాయి.

ఇక్కడే ఏకరూపత ప్రశ్న తీవ్రమైంది. పుట సంఖ్య తప్పుగా ఉన్నా రసాయన శాస్త్రవేత్త సందర్భాన్ని బట్టి అసలు వ్యాసాన్ని పోల్చుకోగలడు. యంత్రానికి ఆ తెలివి లేదు. పేరులో ఒక అక్షరం మారితే దాని దృష్టిలో అది వేరే మనిషి. సంపుటి సంఖ్య మారితే అది వేరే వ్యాసం.

7. ఒక తెలుగు ఉదాహరణ: యెల్లాప్రగడ సుబ్బారావు

భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో పనిచేస్తున్న కాలంలో, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక వ్యాసం ప్రకటించారు. భాస్వరాన్ని రంగు తీవ్రతను బట్టి కొలిచే పద్ధతి అందులో ఉంది. జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు వాడిన ఆ పద్ధతిని ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అంటారు. అత్యధికంగా ఉదహరించిన శాస్త్ర వ్యాసాల్లో అది ఒకటి. ఆ ఒక్క వ్యాసం ఆధార వివరాన్ని మూడు రూపాల్లో చూడండి. మీకు సులభంగా తెలియడానికి ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. మీ నివేదికలో మాత్రం మూలం ఏ లిపిలో అచ్చయిందో ఆ లిపిలోనే రాయాలి.

పేరు–సంవత్సర రూపం:
ఫిస్క్, సి. హెచ్., సుబ్బారావు, వై. (1925). ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, 66, 375–400.

వాంకోవర్ రూపం:
1. ఫిస్క్ సిహెచ్, సుబ్బారావు వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375–400.

పాత రసాయన పత్రికల్లో కనిపించే క్లుప్త రూపం:
ఫిస్క్, సుబ్బారావు, జె. బయోల్. కెమ్., 66, 375 (1925).

మూడింటిలోనూ సమాచారం దాదాపు ఒకటే. క్రమం, విరామచిహ్నాలు, కుదింపు మాత్రమే వేరు. మూడో రూపంలో వ్యాసం పేరు లేదు, మొదటి పుట మాత్రమే ఉంది. పత్రికల్లో స్థలానికి కరువున్న రోజుల్లో అది సరిపోయేది. కానీ పుట సంఖ్యలో ఒక్క అంకె తప్పుపడితే, దాన్ని సరిచూసుకోవడానికి అందులో వేరే ఆనవాలు ఉండదు.

ఇప్పుడు పేరును గమనించండి. మన పద్ధతిలో యెల్లాప్రగడ ఇంటిపేరు, అది ముందు వస్తుంది. పాశ్చాత్య సూచికల్లో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటారు. అందువల్ల ఇంటిపేరు ‘వై’ అనే పొడి అక్షరంగా కుదించుకుపోయి, ‘సుబ్బారావు’ ఇంటిపేరు స్థానంలోకి వచ్చింది. పైగా ఇంగ్లిషులో ఆ పేరును ఒకే మాటగా రాసినవారున్నారు, రెండు మాటలుగా విడదీసినవారున్నారు, మధ్యలో పెద్ద అక్షరం పెట్టినవారున్నారు, ‘రావ్’ అని ముగించినవారున్నారు. మనిషి చదివితే అంతా ఒకరే. అక్షరాలను మాత్రమే చూసే సూచికి వేర్వేరు వ్యక్తులు.

ఇంకొక విషయం. అచ్చు రూపంలోని సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లో ఉల్లేఖనాలను మూలవ్యాసపు మొదటి రచయిత పేరు కిందనే చేర్చేవారు. అంటే 1925 వ్యాసానికి వచ్చిన ఉల్లేఖనాలను చూడాలంటే ‘ఫిస్క్’ కింద వెతకాలి. రెండో రచయిత పేరుతో వెతికేవారికి అవి కనిపించవు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఒక అమరిక నియమం ఎవరి పేరు పైకి రావాలో, ఎవరి పేరు మరుగున పడాలో ఎలా నిర్ణయిస్తుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. మీలో ఎవరైనా రేపు వ్యాసం ప్రచురిస్తే, మొదటి వ్యాసంలో మీ పేరును ఏ విధంగా రాశారో చివరిదాకా అదే విధంగా రాయండి. 2012లో ప్రారంభమైన ‘ఆర్కిడ్’ అనే సంస్థ పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ చిక్కును తీర్చడానికి వచ్చిందే.

8. తప్పులు ప్రయాణించే తీరు

2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సిమ్కిన్, రాయ్‌చౌధురి ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర వ్యాసానికి వచ్చిన దాదాపు 4,300 ఉల్లేఖనాలను పరిశీలించారు. వాటిలో 196 చోట్ల అచ్చుతప్పులున్నాయి. అయితే వేర్వేరు తప్పులు 45 మాత్రమే. పుట సంఖ్యలోని ఒకే తప్పు 78 సార్లు కనిపించింది. స్వతంత్రంగా పనిచేసిన 78 మంది సరిగ్గా అదే అంకె దగ్గర పొరపాటు పడడం నమ్మదగింది కాదు. ఒకరి సూచినుంచి మరొకరు నకలు చేసుకున్నారన్నదే సరైన వివరణ. ఉదహరించేవారిలో మూలాన్ని చదివేవారు సుమారు 20 శాతమేనని వారు అంచనా వేశారు.

అసలు లేని వ్యాసానికి కూడా ఉల్లేఖనాలు వచ్చిన సందర్భం ఉంది. ఒక పెద్ద ప్రచురణ సంస్థ రచయితల కోసం తయారుచేసిన నమూనాలో, ఆధార వివరం ఎలా రాయాలో చూపడానికి శాస్త్ర వ్యాసరచన గురించి ఒక కల్పిత వ్యాసాన్ని ఉదాహరణగా ఇచ్చింది. నమూనాను తీసుకున్న రచయితలు కొందరు ఆ ఉదాహరణను తొలగించడం మరచిపోయారు. 2017 నాటికి దాదాపు 400 వ్యాసాల ఆధార సూచిల్లో అది చేరిపోయినట్టు బయటపడింది. రూపం నిర్దోషంగా ఉంది, వెనక వ్యాసమే లేదు.

మూడో ఉదాహరణ మరింత విషాదకరం. 1980లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ఒక పేరా లేఖను ప్రచురించింది. ఆసుపత్రిలో నల్లమందు జాతి నొప్పి మందులు పొందిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే వ్యసనం కనిపించిందని దాని సారాంశం. 2017లో అదే పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం ఆ లేఖను 608 రచనలు ఉదహరించాయి. వాటిలో 439 రచనలు దాన్ని ఈ మందులవల్ల వ్యసనం అరుదనడానికి సాక్ష్యంగా చూపాయి. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న కీలకమైన విషయాన్ని 491 రచనలు చెప్పలేదు. ఇంటి దగ్గర నెలల తరబడి ఆ మందులు వాడేవారికి ఆ లేఖ వర్తించదు. ఇలాంటి విచక్షణలేని ఉల్లేఖనాలు ఉత్తర అమెరికాలో నొప్పి మందుల వ్యసన సంక్షోభానికి దోహదం చేశాయని ఆ పరిశీలకులు అభిప్రాయపడ్డారు. సంపుటి, పుట సంఖ్యలు సరిగ్గా ఉన్నంతమాత్రాన ఉల్లేఖనం సరైనది కాదని ఇది మనకు నేర్పుతుంది. ఆధార వివరం పాఠకుణ్ణి మూలం గుమ్మం వరకు తీసుకువెళ్తుంది. లోపలికి వెళ్ళి చదవవలసిన బాధ్యత రచయితది.

9. కంప్యూటర్ల కాలం

1985లో వచ్చిన ‘బిబ్‌టెక్’, 2006లో వచ్చిన ‘జొటేరో’ వంటి సాఫ్ట్‌వేర్లు వివరాలను ఒకసారి నమోదు చేస్తే కోరిన పద్ధతిలో అమర్చి ఇస్తాయి. 2000 సంవత్సరంలో ప్రచురణకర్తలు ‘క్రాస్‌రెఫ్’ సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. దానితో డీఓఐ అనే శాశ్వత సంఖ్య ద్వారా ఒక ఆధార వివరంనుంచి నేరుగా మూలవ్యాసానికి చేరడం సాధ్యమైంది.

అంతమాత్రాన జాగ్రత్త అవసరం తీరలేదు. నమోదు చేసిన వివరం తప్పయితే సాఫ్ట్‌వేరు ఆ తప్పునే అందంగా అమర్చి ఇస్తుంది. కృత్రిమ మేధ సాధనాలు లేని వ్యాసాలకు సైతం నమ్మదగిన రూపంలో ఆధార వివరాలు పుట్టించగలవు. కాబట్టి ప్రతి ఆధారాన్నీ మూలంతో సరిచూసుకోవడం మునుపటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం.

10. మీరు పాటించవలసినవి

చరిత్రనుంచి మనకు లభించే ఆచరణ సూత్రాలు ఇవి.

• మీ విభాగం లేదా పత్రిక కోరిన పద్ధతి ఏదో ముందే తెలుసుకోండి. నివేదికలో రెండు పద్ధతులను కలపకండి.
• పత్రికల పేర్లను కుదిస్తే అన్నిటినీ కుదించండి, పూర్తిగా రాస్తే అన్నిటినీ పూర్తిగా రాయండి. కుదింపుకు ఐఎస్ఓ 4 ప్రమాణం ఉంది, సొంత కుదింపులు వద్దు.
• రచయిత పేరు మూలంలో అచ్చయినట్టే రాయండి. తెలుగు పేర్లలో ఏది ఇంటిపేరుగా అచ్చయిందో చూసి, దాన్నే పాటించండి.
• రచనలోని ప్రతి ఉల్లేఖనానికీ సూచిలో వివరం ఉండాలి. సూచిలోని ప్రతి వివరానికీ రచనలో ఉల్లేఖనం ఉండాలి. రెండువైపులా టిక్కు పెట్టుకుంటూ సరిచూడండి.
• వివరాలను మూలవ్యాసం మొదటి పుటనుంచి రాసుకోండి, మరొకరి సూచినుంచి కాదు.
• మూలం దొరకక మరొకరి ద్వారా తెలుసుకున్నట్లయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పండి.

మీ అధ్యయన కేంద్రంలో అన్ని పత్రికలూ అందుబాటులో ఉండకపోవచ్చు. అలాంటప్పుడు చదవని ఇరవై ఆధారాలతో సూచిని నింపడంకన్నా, చదివిన ఆరింటిని సరిగ్గా చూపడం మేలు. మీ నివేదికను రేపు మరో ఊళ్ళో, మరో గ్రంథాలయంలో చదివే విద్యార్థి మీరిచ్చిన సంపుటి, పుట సంఖ్యలనే నమ్మి వెతుకుతాడు. అతడి శ్రమ వృథా కాకూడదు.

11. సారాంశం

1665లో పత్రికలు మొదలైనప్పుడు ఆధారాలు చూపడానికి స్థిరమైన పద్ధతి లేదు. 19వ శతాబ్దంలో పత్రికలు పెరగడంతో పూర్తి వివరాలు అవసరమయ్యాయి. 1881లో మార్క్ వ్యాసంతో పేరు–సంవత్సర పద్ధతి, 1978 వాంకోవర్ సమావేశంతో ఏకీకృత సంఖ్యా పద్ధతి రూపుదిద్దుకున్నాయి. గార్ఫీల్డ్ సూచి తరవాత ఉల్లేఖనం కొలమానంగా మారింది, ఏకరూపత లేకపోతే రచయితకు దక్కవలసిన గుర్తింపు దక్కకుండా పోయే పరిస్థితి వచ్చింది. పద్ధతి ఏదైనా, దాన్ని నిలకడగా పాటించడం, మూలాన్ని చదివి ఉదహరించడం పరిశోధకుడి ప్రాథమిక ధర్మాలు.

12. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పేరు–సంవత్సర పద్ధతి ప్రకృతి శాస్త్రాల్లో ఎందుకు స్థిరపడింది? రెండు కారణాలు రాయండి.
2. చరిత్రకారులు పాదసూచికలను వదులుకోకపోవడానికి కారణమేమిటి?
3. వాంకోవర్ సమావేశం ఏ సమస్యను పరిష్కరించడానికి జరిగింది?
4. ఫిస్క్–సుబ్బారావు వ్యాసం ఆధారంగా తెలుగు పేర్ల ఉల్లేఖనంలో వచ్చే చిక్కులను వివరించండి.
5. మీ పాఠ్యాంశానికి సంబంధించిన ఒక పత్రికా వ్యాసాన్ని ఎంచుకుని, దాని ఆధార వివరాన్ని పేరు–సంవత్సర, వాంకోవర్ రూపాల్లో రాయండి. ప్రతి వివరాన్నీ మూలంతో సరిచూడండి.